పిల్లల భయము – ఇంటివారి బాధ్యత



బదిలీ ఉత్తరువు వచ్చిననాడు పెద్దలు సామానులు సర్దుకొందురు. పిల్లల మనస్సులను గూర్చి తలచువారు అరుదు. తెలిసిన వీధి, తోటివారు, మాట్లాడు భాష ఒక్కమారుగా దూరమైనప్పుడు పెక్కుమంది పిల్లలు కొలది దినములు బెంగపడి తేరుకొందురు. కొందరికి ఆ బెంగ వీడదు. బడివేళకు కడుపునొప్పి, రాత్రులందు నిద్రలేమి, తల్లి కొంగు విడువకుండుట – ఇవి మొండితనముగా తోచును గాని, తరచు ఆందోళనకు చిహ్నములు.

అట్టి బాలిక గల యింటిని ఊహింపుడు. "ఈ ఒక్కనాటికి మానిపింతము" అని తల్లి యనును. "గారాబముచే చెడుచున్నది" అని తండ్రి గద్దించును. నాయనమ్మ ఉప్పు దిగదుడుచును. ముగ్గురిదియు ప్రేమయే. కాని బడి మానినంతనే కలిగిన ఊరట "తప్పించుకొనుటయే క్షేమము" అని పిల్లకు నేర్పును. మరునాడు భయము ఇనుమడించును. గద్దింపువలన భయము పోదు, దాచుకొనుట మాత్రము అలవడును.

ఈ బాధ చికిత్సకు లొంగునట్టిదే. అమెరికాలో 7 మొదలు 17 ఏండ్ల వయస్సుగల 488 మంది పిల్లలపై జరిగిన పరిశోధన 2008లో వెలువడినది. ఆలోచనను, నడవడిని దిద్దు చికిత్సచే నూటికి సుమారు 60 మందికి, మందుచే 55 మందికి, రెండును కలిపినచో 81 మందికి గుణము కనిపించినది. మందులేని మాత్రలు మ్రింగినవారిలో 24 మందికే.

అయితే వైద్యుని గదిలో నేర్చినది ఇంటిలో నిలువవలెను గదా! ఇందులకై యేల్ విశ్వవిద్యాలయమునందు ఎలై లెబోవిట్జ్ ప్రభృతులు తల్లిదండ్రులకే శిక్షణనిచ్చు పద్ధతిని రూపొందించిరి. 124 మంది పిల్లల విషయమున జరిపి 2020లో ప్రకటించిన పరిశోధనలో, ఈ శిక్షణ పిల్లలకు నేరుగా చేయు చికిత్సకు తీసిపోలేదని తేలినది.

ఆ పద్ధతి సారము కఠినమైనది కాదు. "నీ భయము మాకు తెలియును, నీవు దానిని ఓర్వగలవనియు తెలియును" అని చెప్పవలెను. పిమ్మట భయమునకు ఇంటివారు చేయుచున్న ఊడిగమును మెల్లగా తగ్గింపవలెను. ఒక వారము తల్లి తరగతి గుమ్మము వరకు, మరు వారము గేటు వరకు మాత్రమే పోవలెను. ఇంటిల్లిపాదిది ఒకే మాట కావలెను.

ముందుగా రెండు విషయములు విచారింపవలెను: కడుపునొప్పికి శారీరక కారణమున్నదా? బడిలో ఎవరైన కొట్టుట, ఎగతాళి చేయుట జరుగుచున్నదా? ఉన్నచో మొదట దానిని తొలగింపవలెను. ఇంటివారే దోషులనియు తలపరాదు. పుట్టుకతో వచ్చిన స్వభావమును కొంత కారణము.

పెండ్లి సంబంధములకు అడ్డు వచ్చునని ఆడపిల్లల బాధను దాచు కుటుంబములు నేటికిని కలవు. దాచిన కొలది చదువు, స్నేహము, ధైర్యము నష్టమగుచుండును. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి-మానస్‌కు 14416 సంఖ్యపై ఫోను చేసినచో ఉచితముగా సలహా లభించును.

బదిలీని ఆపుట ఉద్యోగి చేతిలో లేదు. క్రొత్త ఊరిలో బిడ్డ చేయిపట్టి నడిపించుట, తగిన వేళ ఆ చేయి విడుచుట మాత్రము తల్లిదండ్రుల చేతిలోనే యున్నవి.