భద్రాచలంలో ఇల్లు, మన పెన్షను డబ్బు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను ఆరోగ్యం మీద మాట్లాడమన్నారు. నా బి.పి. సంగతి తెలిసినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు కనుక ఆ సాహసం చేయడం లేదు. నాకు అనుభవంలో ఉన్న విషయం చెబుతాను. అది ఇల్లు అద్దెకివ్వడం.

మా నాన్నగారు 1962లో భద్రాచలంలో ఒక చిన్న పెంకుటిల్లు రిజిస్టరు కాగితం మీద కొన్నారు. అమ్మినవారూ గిరిజనేతరులే. నేను 2011లో రిటైరయ్యాక ఆ ఇంటికి రిపేర్లు చేయించాను. మెట్ల దగ్గర ఇనుప రెయిలింగు, బాత్‌రూములో కమోడ్, పట్టుకోవడానికి గోడకు కడ్డీ పెట్టించాను. మన వయసు వాళ్లకు ఇంతకంటే వైభోగం ఏముంటుంది చెప్పండి! ఇంకేముంది, కార్తీకమాసం రాగానే రిటైరైన దంపతులు రావడం మొదలైంది. ముక్కోటికి తెప్పోత్సవం, ధనుర్మాసం, ఆపైన శ్రీరామనవమి కల్యాణం చూసుకుని, ఎండలు ముదిరేలోగా పిల్లల దగ్గరకు వెళ్లిపోయేవారు. పొద్దున్నే గోదావరి స్నానం, సాయంత్రం గుడి, మధ్యలో పేపరు. పెన్షను నెలనెలా బ్యాంకులో పడుతుంది. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చాక వేలిముద్రతో లైఫ్ సర్టిఫికెట్టు ఇచ్చే వీలు కలిగింది కనుక కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకు ఆ పని కోసం సొంత ఊరు పరుగెత్తే బాధా తగ్గింది. వారికి పుణ్యం, నాకు ఇంటిపన్నుకూ సున్నానికీ సరిపడా డబ్బు. అందరం సంతోషంగా ఉన్నాం.

2019లో ఒక పెద్దమనిషి వచ్చి, "అయ్యా, ప్రతి ఏడూ వెతుక్కోవడం ఎందుకు? ఐదేళ్లకు లీజు రాసివ్వండి, అడ్వాన్సు మొత్తం ఇప్పుడే ఇస్తాను" అన్నారు. నోరూరింది. కాగితం రాయించడానికి మాకు తెలిసిన వకీలు దగ్గరకు వెళ్లాను. ఆయన కళ్లజోడు తీసి, "ఇన్నేళ్లు ఉద్యోగం చేశారు, ఒన్ ఆఫ్ సెవెంటీ సంగతి తెలియదా?" అన్నారు.

పేరు విన్నాను, లోపల ఏముందో చదవలేదు. మీలోనూ నాలాంటి వారు ఉంటారని చెబుతున్నాను. భద్రాచలం షెడ్యూల్డు ప్రాంతం. 1917 నుంచే అక్కడి భూమికి ప్రత్యేక చట్టం ఉంది. 1959 నిబంధన గిరిజనుల ఆస్తి గిరిజనేతరుల చేతికి పోకుండా అడ్డుపడింది. 1970లో వచ్చిన 1వ నిబంధన ఇంకా ముందుకు వెళ్లింది. అక్కడి స్థిరాస్తి ఎవరిదైనా సరే, బదిలీ అయితే గిరిజనుడికో, గిరిజనులు మాత్రమే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికో కావాలి. లేకపోతే అది చెల్లదు. పైగా గిరిజనేతరుడి చేతిలో ఉన్న ఆస్తి గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం మొదట అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవలసింది మనమే. 1988లో సుప్రీంకోర్టు ఈ చట్టం చెల్లుతుందని తీర్పు ఇచ్చింది.

ఇక నా గుండె జారిన మాట వినండి. బదిలీ అంటే అమ్మకం ఒక్కటే కాదట. తాకట్టు, దానం, మార్పిడి, లీజు, వీటికోసం రాసుకున్న ఒప్పందం కూడా బదిలీ కిందికే వస్తాయి. వీలునామాను మాత్రం ఆ నిర్వచనంలోంచి మినహాయించారు. అంటే మా నాన్నగారి ఇల్లు నా పిల్లలకు వీలునామాగా రాయవచ్చు గాని, ఆ పెద్దమనిషికి లీజు రాయడం చట్టం ముందు నిలవదు.

మొదట కోపం వచ్చింది. "మా నాన్న కష్టార్జితం మీద నాకు హక్కు లేదా?" అన్నాను. వకీలుగారు నవ్వి, "ఈ చట్టం లేకపోతే ఈ అడవి అంచున కోయవాళ్లకు జానెడు నేల మిగిలేదా? మీరు నలభై గజాల గురించి బాధపడుతున్నారు, వాళ్లు ఊళ్లకు ఊళ్లు పోగొట్టుకున్నారు" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇంటికి వచ్చి ఆ పెద్దమనిషికి అడ్వాన్సు తీసుకోలేనని చెప్పాను. ఏటా వచ్చే దంపతులకూ ఉత్తరాలు రాశాను. వారు నొచ్చుకున్నారు. నిజం చెప్పాలంటే నేనూ నొచ్చుకున్నాను.

ఏడాదిపాటు ఇల్లు తాళం పడి ఉంది. పెంకులు జారాయి, చెదలు పట్టింది. అప్పుడు మా ఆవిడ, "ఇవ్వకూడదన్నది మనలాంటి వాళ్లకే కదా, గిరిజనులకు ఇవ్వవచ్చుగా?" అంది. ముప్ఫై ఏళ్లు ఫైళ్లు చదివిన నాకు తట్టలేదు! ఇప్పుడు ఆ ఇంట్లో ఒక కోయ ఉపాధ్యాయిని కుటుంబంతో ఉంటోంది. సీజనులో వచ్చినంత అద్దె రాదు. కాని పన్నెండు నెలలూ దీపం వెలుగుతోంది. నవమికి మేము వెళితే, "అయ్యా, అమ్మా, రండి" అని పిలిచి భోజనం పెడుతుంది. మేము బస చేసేది మాత్రం దేవస్థానం కాటేజీలో. పాత దంపతులు కూడా అక్కడే కలుస్తారు.

మిత్రులారా, ఇది చెప్పడానికి కారణం ఉంది. మనలో ఒక మిత్రుడు గ్రాట్యుటీ, కమ్యుటేషన్ డబ్బంతా తెచ్చి, నోటరీ కాగితం మీద అక్కడ స్థలం కొన్నాడు. రాముడి దగ్గర చివరి రోజులు గడపాలని ఆశ. ఆ కాగితం ఈరోజు దేనికీ పనికిరాదు. అమ్మినవాడు కనపడడు. భార్య మందులకు ఇప్పుడు అప్పు చేస్తున్నాడు. ఆయన ఎవరో చెప్పను. ఈ సభలోనే ఉండవచ్చు.

అందుకే మూడు మాటలు. ఒకటి, డబ్బు ఇచ్చేముందు ఆ గ్రామం షెడ్యూల్డు ప్రాంతంలో ఉందో లేదో కనుక్కోండి. భద్రాచలంలో గిరిజన సంక్షేమ స్పెషల్ డిప్యూటీ కలెక్టరు కార్యాలయం ఉంది, అడగడానికి సిగ్గుపడకండి. రెండు, "అందరూ ఇలాగే చేస్తున్నారు" అన్న మాట కోర్టులో సాక్ష్యం కాదు. మూడు, గోదావరిని మరవకండి. అక్కడ 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. మా నాన్నగారు ఆనాటి నీటిమట్టాన్ని గోడ మీద బొగ్గుతో గీశారు. ఎన్నిసార్లు సున్నం వేయించినా ఆ గీతను మాత్రం చెరపనివ్వలేదు. 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చినప్పుడు ఆ ఉపాధ్యాయిని సామాను ఎంత ఎత్తుకు ఎక్కించాలో ఆ గీత చూసే నిర్ణయించుకుంది.

రాములవారి దర్శనానికి సొంత ఇల్లు అక్కరలేదు. బస్సు టిక్కెట్టు, కాస్త ఓపిక చాలు. మన పెన్షను డబ్బును మన దగ్గరే ఉంచుకుని సుఖంగా వెళ్లివద్దాం.