పూడికతీత ఖర్చు: ఎవరి పాలు ఎంత?

ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైనది. అచటినుండి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు నీరు పారుచున్నది. నీటితోపాటు తగవులును పారుచున్నవి. 1997 నాటి చట్టము నీటి వినియోగదారుల సంఘములను ఏర్పరచి, పిల్లకాలువల నిర్వహణను రైతుల చేతికిచ్చినది. చేతికిచ్చుట వేరు, చేతులు కలియుట వేరు!

ఒక కాలువమీద మూడు ఊళ్లున్నవనుకొందము: ఎగువ ఊరు, నడిమి ఊరు, శివారు ఊరు. కాలువ మొదటి భాగమున పూడిక తీయుటకు 2,400 రూపాయలు, రెండవ దానికి 3,000, మూడవ దానికి 3,600, వెరసి 9,000 అగును. ఈ సంఖ్యలు లెక్క సులువు కొరకు నేననుకొన్నవే. తలా మూడువేలు వేసికొందమన్నచో ఎగువ ఊరు ఒప్పదు. దానికి మొదటి భాగము చాలును. ఒంటరిగా తీయించుకొన్నను 2,400తో సరి. ఒప్పందమునకంటె ఒంటరితనమే చవుకయైనప్పుడు ఎవరు నిలుతురు? దీనిని పిసినితనమనుట నా దృష్టిలో అన్యాయము.

అమెరికా గణితజ్ఞుడు లాయిడ్ షాప్లీ 1953లో ఇట్టి పంపకములకు క్రీడా సిద్ధాంతము నుండి ఒక సూత్రము చెప్పెను. 2012లో ఆయనకు అర్థశాస్త్రమున నోబెల్ బహుమతి లభించినది. మన కాలువకు అన్వయించిన, ఏ భాగమును ఎవరు వాడుదురో ఆ భాగపు ఖర్చును వారే సమముగా పంచుకొనవలెను. అప్పుడు ఎగువ ఊరికి 800, నడిమి ఊరికి 2,300, శివారునకు 5,900 వచ్చును. ఒంటరిగా పోయిన నడిమి ఊరికి 5,400, శివారునకు 9,000 తగిలెడివి. అందరికిని లాభమే.

శివారు రైతు మాత్రము గొణుగును, గొణుగుటయు సహజమే. కాని డెల్టాలో మురుగుకాలువ కూడ కలదు గదా. 2011లో కోనసీమ రైతులు పంట విరామము ప్రకటించినప్పుడు మురుగునీటి బాధయు వారి మొరలలో నొకటి. మురుగు విషయమున లెక్క తారుమారగును. ఎగువ ఊరి మురుగు శివారును దాటియే సముద్రమునకు పోవలెను. కనుక ఎగువవారు మూడు భాగములకును ఇయ్యవలెను, శివారువారికి చివరి భాగమే. అందును ఖర్చు సముద్రపు వైపునుండి 2,400, 3,000, 3,600 అయినచో, రెండు కాలువలకు కలిపి ఎగువకు 6,700, నడిమికి 4,600, శివారునకు 6,700 పడును.

ప్రభుత్వ శాఖల కంప్యూటర్ల విషయమును ఇట్టిదే. 2006లో ఆమోదించిన జాతీయ ఈ-పరిపాలన ప్రణాళికలో, శాఖలన్నియు ఉమ్మడిగా వాడుకొనుటకు రాష్ట్రమునకొక దత్తాంశ కేంద్రము ఉండవలెనని తలచిరి. చిన్న శాఖను పెద్ద శాఖతో సమముగా ఇమ్మన్నచో అది తన గదిలో తన యంత్రమునే పెట్టుకొనును. అందుచే ఏ శాఖ ఏ సౌకర్యమును వాడుచున్నదో ముందుగా వ్రాసికొని, పిమ్మట బిల్లు చీల్చవలెను. రెండు కాలువల పద్దులను ఒకే సమావేశమున విప్పినట్లు, శాఖలవారును తాము వాడుకొనునదియు, ఇతరులకిచ్చునదియు ఒకే బల్లమీద పెట్టినచో బేరము త్వరగా తెగును.