ఈ వారం సరిహద్దు పల్లె సినిమా

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు శ్రోతలు ఈ వారం ముందుగా చూడాల్సింది ‘సినిమా బండి’. 2021 మేలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. ఇంతవరకూ చూడనివాళ్లకు ఇప్పటికీ కొత్తదే.

కథ జరిగేది ఆంధ్ర, కర్ణాటక సరిహద్దు పల్లె గొల్లపల్లిలో. ఆటో నడిపే వీరబాబుకు తన బండిలో ఎవరో మరిచిపోయిన ఖరీదైన కెమెరా దొరుకుతుంది. ఇంకేం, ఊరివాళ్లను పోగేసి సినిమా తీయడానికి పూనుకుంటాడు. పెళ్లి ఫొటోలు తీసే గణపతి కెమెరామన్, క్షవరం చేసే మరిడేశ్ హీరో, కూరగాయలమ్మే మంగ హీరోయిన్. నటుల్లో చాలామంది కొత్తవాళ్లు. సరిహద్దు యాసను దర్శకుడు ప్రవీణ్ కాండ్రేగుల సాపు చేయకుండా ఉంచాడు. సినిమాకు ప్రాణం అదే.

నిర్మాతలు రాజ్, డీకే. ఇద్దరూ తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో ఇంజినీరింగ్ చదివినవాళ్లు. 2019లో అమెజాన్ ప్రైమ్‌లో మొదలైన ‘ది ఫ్యామిలీ మ్యాన్’ వాళ్ల సిరీసే, అది పెద్దలకే.

ఇంటిల్లిపాదీ కలిసి చూడ్డానికైతే ఈటీవీ విన్‌లో ‘90స్’ ఉంది. 2024 జనవరిలో వచ్చిన ఆరు భాగాల సిరీస్. లెక్కల మాస్టారి ఇల్లు, పిల్లల మార్కులు, టిఫిన్‌కు ఉప్మా!

తీరిక ఒక్క పూటే దొరికితే మాత్రం ‘సినిమా బండి’ చూడండి. నిడివి గంటన్నర పైచిలుకే.