సరుకుల ఓడలో వంటిల్లు



వానమబ్బు కోసం ఎదురుచూసే మా దేవరగట్టు వైపు ఓడల మాటేమిటని నవ్వుకోకండి. సుంకేసుల దగ్గర మొదలయ్యే కర్నూలు–కడప కాలువను 19వ శతాబ్దంలో పొలాలకే కాదు, సరుకుల పడవలకు కూడా తవ్వారు.

2020 అక్టోబరులో వాయుగుండం గాలులకు ‘ఎం.వి. మా’ అనే బంగ్లాదేశ్ సరుకుల ఓడ విశాఖ తెన్నేటి పార్కు ఒడ్డుకు కొట్టుకొచ్చింది. దాన్ని భోజనశాలగా మార్చాలని పర్యాటక శాఖ తలపెట్టింది. వినడానికి ముచ్చటే. అయితే నీళ్లమీద తేలే హోటలుకు రంగులు పూసి బల్లలు వేస్తే చాలదండీ.

ఖాళీ బిందెను తొట్టిలో వదలండి, పక్కకు ఒరుగుతుంది. అడుగున కాసిని నీళ్లుంటే నిలబడుతుంది. ఓడా అంతే. సరుకు దించేసి పై అంతస్తులో జనాన్ని కూర్చోబెడితే బరువు పైకెక్కుతుంది. అందుకే అడుగున తగినంత బరువు వేయాలి. జనమంతా ఒకే పక్కకు చేరకుండా చూడాలి. వంటింట్లో మంటలార్పే సాధనాలుండాలి. అంట్లు తోమిన నీళ్లు ఏటిలో కలపకుండా తొట్టిలో పట్టి ఒడ్డుకు చేర్చాలి.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో విహార పడవ మునిగి ఎన్ని ఇళ్లల్లో దీపాలు ఆరిపోయాయో మరిచిపోగలమా? అందుకని పడవెక్కాక వంటకాలేమున్నాయని అడిగేముందు లైఫ్ జాకెట్లు ఎక్కడున్నాయని అడగండి. ఉక్కగా ఉందని పిల్లలు గునిసినా, పడవ కదులుతున్నంతసేపూ విప్పనివ్వకండి.

సెలవు.