పొరుగింటి పొయ్యి



మనకు ఎంతో దూరం లేదు, గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులున్నారు. బెనె ఎఫ్రాయిం అంటారు. 2013లో వీరిమీద యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ గార్లు ఒక పుస్తకమే రాశారు. ఎక్కువమంది వ్యవసాయ కూలీలు. శనివారం పని చేయరాదన్నది మత నియమం; మానితే ఆ రోజు కూలి పోయినట్టే. జుమాకు గంట పని మానుకునే మనకు ఆ ఇబ్బంది తెలియనిది కాదు.

యూదులు దానాన్ని 'త్సెదాకా' అంటారు. మన 'సదఖా'కు అది తోబుట్టువు మాట. హీబ్రూలో దాని మూలార్థం న్యాయం. అంటే ఇచ్చేది దయ కాదు, బాకీ. ఖననం చేసి వచ్చిన ఇంటివారికి తొలి భోజనం ఇరుగుపొరుగు పెట్టాలన్నది వారి ఆచారం. హజ్రత్ జాఫర్ షహీదైనప్పుడు ఆయన ఇంటివారికి అన్నం వండమని మన ప్రవక్త (స) గారూ చెప్పలేదా?

మరి మనం? మొన్న మా వీధిలో మయ్యిత్ అయితే చందా పుస్తకం వెళ్ళింది గాని అన్నం గిన్నె వెళ్ళలేదు. వచ్చినవారికి ఆ ఇంటి ఆడవాళ్ళే ఏడుస్తూ టీ కాచారు. మేమూ తాగి వచ్చాం. ఇంటికొచ్చాక సిగ్గేసింది.

అందుకే అడుగుతున్నాం: ఈ ఏడు మొహల్లాకు నాలుగిళ్ళ పేర్లివ్వండి. ఎవరింట కష్టం వచ్చినా ఆ పూట పొయ్యి ఈ నాలుగిళ్ళలో వెలగాలి. మొదటి పేరు మాదే రాసుకోండి.