తుమ్మపూడి చిత్రకారుడు, మన పిల్లలు

 

దుగ్గిరాల దగ్గర తుమ్మపూడిలో సంజీవదేవ్ గారు (1914–1999) ఉండేవారు. చిత్రలేఖనం ఏ కళాశాలలోనూ చదవలేదు, సొంతంగా నేర్చుకున్నారు. వయసులో ఉండగా హిమాలయాలకు వెళ్లి, కులూలో రష్యన్ చిత్రకారుడు రోరిక్ కుటుంబంతో గడిపారు. తిరిగొచ్చి పట్నంలో కాదు, సొంత ఊళ్లోనే స్థిరపడ్డారు. కొండలు, చెట్లు, మబ్బులు చిత్రించారు. ఇంటికొచ్చినవారితో మాట్లాడేవారు, ఉత్తరం రాసినవారికి జవాబు రాసేవారు. చూడాలనుకున్నవాళ్లు ఆ పల్లెకే వెళ్లేవారు.

మన మార్టూరులో మిరపకోతలకు వెళ్లే తల్లుల పిల్లలు పాత పరీక్ష కాగితాల వెనక బొమ్మలు వేస్తున్నారు. చూపించమంటే దాచేస్తారు. ప్రాణుల బొమ్మలు వద్దని ఇంట్లో అంటారని కొందరి భయం. ఆ మాట మేం కాదనం. ఆకులున్నాయి, కొండలున్నాయి, అందంగా తిప్పి రాసే అరబీ అక్షరాలున్నాయి.

ఫీజులకు మీరిచ్చేదాంట్లోంచి తీయమని అడగడం లేదు. రంగుపెట్టెలకు, డ్రాయింగు కాగితాలకు వేరే కొంత కావాలి. వచ్చే ఏడు సభలో ఈ హాలు గోడ ఒకటి వాళ్లకివ్వండి. భోజనాలకు లేచేముందు ఆ బొమ్మల దగ్గర కాసేపు నిలబడి, వేసిన పిల్లల్ని పేరు పెట్టి పిలిచి మాట్లాడండి.