మెదడు నాళాల్లో మూడు షిఫ్టులు



పక్షవాతం అన్న మాట వినని ఇల్లు లేదు. ‘రాత్రి బాగానే పడుకున్నారమ్మా, తెల్లారి లేచేసరికి కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి’ అని ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. అది విన్నాక మనం అనే మాటలు రెండే. ‘వాళ్ళ వంశంలోనే ఉంది’ అనేది ఒకటి. ‘పడిపోయిన చెయ్యి ఇక పడిపోయినట్టే’ అనేది రెండోది. రెండూ పూర్తి నిజాలు కావు. ఎందుకు కావో ఈవేళ చెప్పుకుందాం.

మెదడు బరువు మన శరీరంలో నూటికి రెండు పాళ్ళే. కాని శరీరం వాడుకునే ప్రాణవాయువులో అయిదో వంతు దానికే కావాలి. అందుకని దానిలో సన్నసన్నని రక్తనాళాలు అల్లుకుపోయి ఉంటాయి. అన్నిటినీ ఒకదాని చివర ఒకటి పేరిస్తే సుమారు 600 కిలోమీటర్లు ఉంటుందని అంచనా. అంటే విశాఖపట్నం నుంచి హైదరాబాదు దాకా అన్నమాట!

ఈ నాళాలంటే మన వీధి కుళాయి గొట్టాల వంటివి కావు. వాటి లోపలి గోడ అంతా ప్రాణమున్న కణాలే. మన పోర్టు గేటు దగ్గర పాసు చూపించనిదే లోపలికి పోనివ్వరు కదా! ఆ కణాలు కూడా అంతే. రక్తంలో ఉన్నదాన్నంతా మెదడులోకి పోనివ్వవు. తీపిని, ప్రాణవాయువును పోనిస్తాయి. తక్కినవాటిలో చాలామటుకు వెనక్కి పంపేస్తాయి.

ఇక జన్యువుల సంగతి. మనిషి కణంలో సుమారు 20,000 జన్యువులున్నాయి. గోరులోని కణానికీ మెదడు నాళంలోని కణానికీ ఉన్నవి అవే. మరి తేడా ఎక్కడ? పంచాంగం అందరిళ్ళలోనూ ఒకటే ఉంటుంది. పెళ్ళివారు ముహూర్తాల పేజీ తీస్తారు, గ్రహణం నాడు గ్రహణం పేజీ తీస్తారు. అలాగే కణం కూడా తనకు అప్పటికి కావలసిన జన్యువులనే తెరిచి, అందులోని మాటను ఒక చీటీ మీద ఎక్కించుకుని పని మొదలుపెడుతుంది. ఏ చీటీలు ఎన్ని తయారయ్యాయో లెక్కపెట్టి, ఏ జన్యువు పనిచేస్తోందో, ఏది ఊరుకుందో శాస్త్రజ్ఞులు చెప్పగలుగుతున్నారు. బతికున్న మనిషి మెదడును కోసి చూడలేరు కాబట్టి ఈ విషయాలు ఎక్కువగా ఎలుకల మీదే తెలిశాయి.

పక్షవాతాల్లో ఎక్కువ భాగం నాళంలో రక్తపు గడ్డ అడ్డుపడటం వల్ల వచ్చేవే. అలా అడ్డుపడ్డాక నాళం గోడలో ఏం జరుగుతుంది? స్టీలు ప్లాంటువారి ఇళ్ళల్లో ఎ, బి, సి షిఫ్టుల సంగతి చెప్పనక్కర్లేదు. ఇక్కడా మూడు షిఫ్టులున్నాయనుకోండి. కాకపోతే ఒకటి దిగకముందే రెండోది ఎక్కేస్తుంది.

మొదటిది ప్రమాద ఘంట షిఫ్టు. ప్రాణవాయువు తగ్గగానే కణంలో ‘హిఫ్’ అనే పదార్థం పోగవుతుంది. అది అనేక జన్యువులను ఒక్కసారి తట్టి లేపుతుంది. కణం ప్రాణవాయువును ఎలా కనిపెడుతుందో తెలియజెప్పినందుకే 2019లో కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజా అనే ముగ్గురికి వైద్యంలో నోబెల్ బహుమతి వచ్చింది. అటువైపు మెదడులో పెద్ద నాళం మూసుకుపోతే, నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చచ్చిపోతాయని 2006లో లెక్కగట్టారు.

రెండోది కూల్చివేత షిఫ్టు. ఇది గంటలు గడిచేకొద్దీ జోరందుకుని కొన్ని రోజులుంటుంది. నాళం గోడ మీద జిగురువంటి పదార్థాలు తయారై తెల్లరక్తకణాలను పట్టి ఆపుతాయి. గోడను కొరికే ఎంజైములు పుట్టుకొస్తాయి. గేటు సడలిపోతుంది. పాసు లేనివన్నీ లోపలికి చొరబడతాయి, మెదడు వాస్తుంది.

డాక్టర్లు ‘ఎప్పుడు వచ్చింది, ఎన్ని గంటలైంది?’ అని గుచ్చిగుచ్చి అడుగుతారే, దానికి ఒక ముఖ్య కారణం ఇదే. గడ్డను కరిగించే టి.పి.ఎ. అనే మందు ఉంది. ఆశ్చర్యమేమిటంటే, అది మన నాళాల గోడలు స్వయంగా తయారుచేసుకునే పదార్థమే! దాని జన్యువును పట్టుకుని ప్రయోగశాలలో తయారుచేయడం 1983 నాటికి నేర్చారు. పక్షవాతంలో పనిచేస్తుందని 1995లో అమెరికాలో జరిగిన పరీక్ష తేల్చింది. కాని దాన్ని మామూలుగా నాలుగున్నర గంటల లోపల ఇవ్వాలి. ఆ తరవాత గోడ సడలి ఉంటుంది కనుక, మందు వల్ల మెదడులో రక్తం కారే ప్రమాదం పెరుగుతుంది.

ఈ సంగతి తెలియక ఎన్ని ఇళ్ళల్లో ఆ గంటలు జారిపోతున్నాయో! గాలి సోకిందని తాయెత్తు కట్టడం, పావురం రక్తం రాయడం, నూనె మర్దనాలు, ‘తెల్లారనీ, చూద్దాం’ అనడం. పాడేరు కొండల మీద నుంచి పెద్దాసుపత్రికి రావాలంటే దారికే గంటలు పడుతుంది. ఇంటి దగ్గర ఒక గంట పోగొట్టుకుంటే మిగిలేది ఏముంటుంది చెప్పండి?

మూడోది మరమ్మతు షిఫ్టు. ఇది కొద్ది రోజుల్లోనే మొదలై వారాల తరబడి సాగుతుంది. కొత్త నాళాలను మొలిపించే జన్యువులు మేలుకుంటాయి. చచ్చిపోయిన భాగానికి అంచున, కొనఊపిరితో ఉన్న చోట, సన్నని కొత్త నాళాలు పుట్టుకొస్తాయి. మనుషుల్లోనూ ఇది జరుగుతుందని 1994లో తెలిసింది. పక్షవాతం వచ్చి కొన్నాళ్ళు బతికి, తరవాత పోయినవారి మెదళ్ళను పరిశీలిస్తే, కొత్త నాళాలు ఎక్కువగా ఉన్నవారు ఎక్కువ రోజులు బతికినవారని తేలింది.

ఇంకో విచిత్రం చూడండి. తొలిరోజుల్లో గోడను కొరికి హాని చేసిన ఎంజైమే, వారం దాటాక కొత్త నాళానికి దారి చేసిపెడుతుందని 2006లో ఎలుకల్లో చూశారు. పాత ఇల్లు కూల్చిన గునపమే కొత్త ఇంటికి పునాది తవ్వినట్టు! కనుక మంచి పదార్థమా, చెడ్డ పదార్థమా అన్నదానికన్నా ఏ వేళకు వచ్చిందన్నది ముఖ్యం. ఒక్క మందుతో అన్నీ ఆపేయడానికి వీల్లేకపోతున్నది ఇందువల్లనే.

మరి వంశం మాట? అందులోనూ కొంత నిజం ఉంది. 2003లో ఐస్‌లాండు దేశంలో పక్షవాతానికి సంబంధం ఉందనుకున్న ఒక జన్యువును గుర్తించారు. హైదరాబాదులో నిమ్స్ డాక్టర్లు, జన్యు పరిశోధకులు కలిసి మన ఆంధ్రదేశపు రోగుల్లోనూ దాన్ని పరిశీలించారు. కాని పుట్టుకతో వచ్చిన అక్షరాలు వేరు, రోజూ ఏ పేజీ తెరుచుకుంటోందన్నది వేరు. రక్తపోటు, మధుమేహం, పొగాకు నాళాల గోడను ఏళ్ళ తరబడి రాపిడి పెట్టి చెడ్డ పేజీలు తెరిపిస్తూనే ఉంటాయి. 2010లో ఎన్నో దేశాల్లో జరిపిన ఒక పరిశీలనలో, పక్షవాతపు ముప్పులో నూటికి 90 వంతులు పది కారణాల వల్లేనని, అందులో మొదటిది రక్తపోటని తేలింది. వంశాన్ని మార్చలేం. ఆవకాయ బద్దను, ఎండుచేపను మాత్రం తగ్గించుకోగలం. మొత్తం మీద మనిషికి రోజుకు ఒక చెంచాడు ఉప్పు దాటకూడదు.

ఇప్పుడు ఆడవాళ్ళం గుర్తుపెట్టుకోవలసినవి చెబుతాను. మూతి వంకర పోయినా, రెండు చేతులూ ఎత్తమంటే ఒకటి వాలిపోయినా, మాట ముద్దగా వచ్చినా వెంటనే టైము చూసుకోండి. 108కి ఫోను చేయండి. స్కాను ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్ళండి. నోట్లో నీళ్ళు, కాఫీ పొయ్యకండి, పొరమారుతుంది. ఇంట్లో ఉన్న ఆస్పిరిను కూడా వెయ్యకండి, గడ్డ కట్టిందో, నాళం చిట్లిందో స్కానులోనే తెలుస్తుంది. ఆలస్యమైపోయిందని ఇంట్లో ఉంచేయకండి. కొందరికి 24 గంటల దాకా కూడా నాళంలోకి తీగ పంపి గడ్డ లాగే వీలుంది.

తరవాతి వారాలు కూడా అంత ముఖ్యమైనవే. మరీ తొందర పనికిరాదు. మొదటి 24 గంటల్లోనే మంచం దింపి ఎక్కువగా నడిపించినవారికి ఫలితం తగ్గిందని 2015లో ఒక పెద్ద పరీక్షలో చూశారు. డాక్టరు సరే అన్నాక మాత్రం వ్యాయామం మానకూడదు. కోలుకోవడం ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే జరుగుతుంది. మామగారి చేత చెంచా పట్టించడం, అత్తగారి చేత పేర్లు పలికించడం, వీధరుగు దాకా నడిపించడం చిన్న పనులు కావు. ‘ఇక ఇంతేలే’ అని మనం మంచం మూలకు జరిపేసే రోజుల్లోనే లోపల మరమ్మతు షిఫ్టు దీపాలు వెలిగించుకుని పనిచేస్తూ ఉంటుంది. దానికి మనం తోడుండాలి.